ఫలితాల వారంలో గులాబీ షర్బత్

ఆ గురువారం ఉదయం వగీహ్ తౌఫీక్ గడ్డం మూడుసార్లు గీసుకున్నాడు. మొదటిసారి అలవాటుకొద్దీ, రెండోసారి అనుమానంకొద్దీ, మూడోసారి భయంకొద్దీ. తర్వాత అద్దం ముందు నిలబడి, నిన్న కొన్న నీలం టై బిగించుకుని, గొంతు సవరించుకుని, "ఇన్‌షిరాహ్ గారూ, మీతో ఒక్క మాట చెప్పాలి" అన్నాడు. బాగా రాలేదు. మళ్లీ అన్నాడు. ఈసారి అంతకంటే అధ్వానంగా, వాయిదా కట్టనివాడికి నోటీసు చదివి వినిపిస్తున్నట్టు వచ్చింది. అయినా ఇవాళ చెప్పి తీరాలి. ఇవాళ తప్పితే ఇక రోజు లేదు.

వగీహ్‌కి యాభై ఒక్క ఏళ్లు. జనానికి ఇళ్లు కొనుక్కోవడానికి అప్పులిచ్చే నఖ్లా గృహరుణ సంస్థలో ప్రధాన అకౌంటెంటు. మూడు నెలలకోసారి ఇలాంటి సంస్థలూ, బ్యాంకులూ, వాయిదాల మీద ఫ్రిజ్‌లూ పొయ్యిలూ ఇప్పించే కంపెనీలూ తమ లాభనష్టాల లెక్కలు, అంటే ఫలితాలు, అచ్చువేసి, స్టాంపులంటించి, నియంత్రణ కార్యాలయం మూడో అంతస్తులో ఐదో కిటికీ దగ్గర ఇచ్చి రావాలి. అక్కడ ఎప్పుడూ చాంతాడంత వరస. ఆ వరసలోనే పన్నెండేళ్ల కిందట వగీహ్ ఇన్‌షిరాహ్‌ని మొదటిసారి చూశాడు. ఫానూస్ వాయిదాల కంపెనీకి కొత్తగా వచ్చిన అకౌంటెంటు, భర్త పోయి ఏడాది కూడా తిరగని మనిషి, స్టాంపులంటించడానికి జిగురు లేక దిక్కులు చూస్తోంది. వగీహ్ తన జిగురు సీసా ఇచ్చాడు. "మీరు లేకపోతే ఇవాళ నా ఉద్యోగం ఊడేదండీ" అని ఆమె నవ్వింది. అంతే. పాపం, ఆ నవ్వుతో మనిషి పని అయిపోయింది.

అప్పటినుంచి ఏడాదికి నాలుగుసార్లు, ఇవాళ్టితో కలిపి నలభై ఎనిమిది సార్లు. ఇన్నేళ్లలో వాళ్లు మాట్లాడుకున్నదంతా పోగేసినా జిగురూ, స్టాంపులూ, ఎండా, కిటికీ వెనక కూర్చునే మేడమ్ దౌలత్ చిరాకూ తప్ప ఇంకేమీ లేదు. ఈ మేడమ్ దౌలత్ ముక్కు మీద కళ్లద్దాలూ, కళ్లద్దాలకో గొలుసూ, ఎవరి మీదా జాలి లేని మొహమూ. పెద్ద పెద్ద బ్యాంకుల కట్టలకు టపటపా ముద్రలు కొట్టి పంపేసే మనిషి, ఈ ఇద్దరి కాగితాల్లో మాత్రం ఎప్పుడూ ఏదో ఒక తప్పు పట్టి, "ఒక స్టాంపు తక్కువుంది, మళ్లీ వరసలో నిలబడండి" అనేది. వగీహ్ పైకి విసుక్కునేవాడు, లోపల ఆ మేడమ్ చేతులు కళ్లకద్దుకోవాలనుకునేవాడు. ఊరంతా ఫలితాలంటే గుండెలు గుప్పిట్లో పెట్టుకుంటే ఈయన ఫలితాల కోసం కలవరించేవాడు. ఏడాదిలో మిగిలిన మూడు వందల అరవై ఒక్క రోజులూ ఎదురుచూపులే.

మరి అన్నేళ్లు నోరెందుకు విప్పలేదని అడుగుతారు. మా కైరోలో ఫ్లాటు చూపించనిదే ఎవరూ పిల్లనివ్వరు. ఇరవై ఏడో ఏట వగీహ్‌కి ఒకసారి నిశ్చితార్థమైంది. అప్పుకి దరఖాస్తు పెట్టుకుంటే, జీతం చాలదని వాళ్ల సంస్థే తిరస్కరించింది. ఆ తిరస్కరణ కాగితం టైపు చేసింది కూడా వగీహే. పిల్ల తండ్రి నాలుగేళ్లు ఓపికపట్టి, చివరికి మన్సూరాలో బట్టల వ్యాపారికి ఇచ్చేశాడు. ఆ దెబ్బకి ఈయనకు అడగడమంటేనే వణుకు పట్టుకుంది. తర్వాత ఎప్పటికో షుబ్రా పేటలో రెండు గదుల ఫ్లాటు అమిరింది. దాంట్లోకి రెండు కప్పులు కొన్నాడు. ఒకదాంతో రోజూ టీ తాగుతాడు. రెండోది పదకొండేళ్లుగా బోర్లించే ఉంది. శుక్రవారం శుక్రవారం దాన్ని తీసి కడిగి, తుడిచి, మళ్లీ బోర్లిస్తాడు. ఎవరి కోసమని అడిగినవాళ్లు లేరు కనక చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఇంకో ముల్లు కూడా ఉంది. ప్రతి మూడు నెలల లెక్కల చివరా బంధుత్వాల పట్టిక అని ఒకటుంటుంది. సంస్థ అధికారుల భార్యలో, భర్తలో, దగ్గరి చుట్టాలో మరో రుణసంస్థలో పనిచేస్తుంటే అందులో రాయాలి. తన పేరు పక్కన వగీహ్ ప్రతిసారీ సొంత చేత్తో 'ఎవరూ లేరు' అని రాసేవాడు. రాసిన ప్రతిసారీ ఆ రెండు మాటలూ గుచ్చుకునేవి.

పోయినసారి ఐదో కిటికీ పక్కన ఒక ప్రకటన అంటించారు. వచ్చే త్రైమాసికం నుంచి లెక్కలన్నీ కంప్యూటర్లోనే పంపాలట, కిటికీ మూసేస్తారట. వరసలో అందరూ చప్పట్లు కొట్టారు. వగీహ్ చప్పట్లు కొట్టలేదు. పక్కన ఇన్‌షిరాహ్ కూడా చప్పట్లు కొట్టకుండా ఆ కాగితాన్నే చూస్తోంది. కానీ ఈ సంగతి ఆయన గమనించలేదు. లెక్కల్లో అణా పైసా పట్టే కళ్లకి ఇలాంటివి ఆనవు.

ఇవాళ పొద్దున ఏడింటికే అలెగ్జాండ్రియా నుంచి అక్క తహానీ ఫోన్ చేసింది. ఈ విషయం తెలిసిన ప్రాణి లోకంలో ఆమె ఒక్కతే.

"ఏరా, ఇవాళైనా నోరు పెగుల్తుందా?"

"చెప్తానక్కా. తప్పకుండా చెప్తాను."

"పోయిన పదేళ్లుగా ఇదే మాట. సరేగానీ, చేతులూపుకుంటూ వెళ్లి పెళ్లి మాట అడుగుతావా? పరువు తియ్యకు. కిలో బస్బూసా మిఠాయి తీసుకెళ్లు. ఒక గులాబీ షర్బత్ సీసా కూడా కొనిపెట్టుకో."

"షర్బతెందుకే? ఆవిడ ఒప్పుకుంటే కదా!"

"ఒప్పుకుంటే అప్పటికప్పుడు ఎక్కడికి పరిగెడతావురా, మొద్దూ! ఉంచుకో."

ఇక్కడే తప్పు జరిగింది. షర్బత్ కొనడం తప్పు కాదు. ఫలితాల వారంలో, షేర్ల ఎక్స్ఛేంజి వీధిలో, మిస్బాహ్ బాబాయ్ చేత కొనిపించడం తప్పు.

ఎందుకో చెప్పాలి. మిస్బాహ్ బాబాయ్ నఖ్లా ఆఫీసులో టీ కాచే పెద్దాయన. ఫలితాలు బయటికొచ్చే దాకా కంపెనీ మనుషులెవరూ పెదవి విప్పకూడదని నియమం. మేనేజింగ్ డైరెక్టరు హాతిమ్ బే ఇంకో మెట్టెక్కి, ఆ వారం ఎవరూ నవ్వకూడదనీ, దిగులుగానూ కనబడకూడదనీ సర్క్యులర్ వేశాడు. దాంతో కింద కాఫీ కొట్టులో కూర్చునే షేర్ బ్రోకర్లు మనుషుల మొహాలు చూడటం మానేసి మిస్బాహ్ సంచీ చూడటం మొదలుపెట్టారు. సంచీలో పంచదార ఐదు కిలోలుంటే లాభాలు బాగున్నట్టు. రెండు కిలోలే ఉంటే మొండి బాకీలు పెరిగినట్టు. పోయినేడు ఒకసారి ఆయనకు సుస్తీ చేసి అసలు బజారుకే పోకపోతే, నఖ్లా షేరు నాలుగు శాతం పడింది. అలాంటి సంచీలోకి వగీహ్ గులాబీ షర్బత్ పెట్టించాడు.

"బాబాయ్, ఎవరికీ చెప్పకు. నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు.

"నా పీక కోసినా చెప్పను బాబూ" అన్నాడు మిస్బాహ్. అన్న మాట నిలబెట్టుకున్నాడు. అదే కొంప ముంచింది.

మా ఊళ్లో ఎర్ర షర్బత్ సీసా చేతిలో కనబడిందంటే ఎవరింట్లోనో నిశ్చితార్థమో, మరో గొప్ప శుభకార్యమో ఉందన్నమాట. కొట్టు గుమ్మంలోనే బ్రోకరు షలబీ పట్టుకున్నాడు. వీధి వీధంతటికీ పెద్ద ముక్కు అతనిదే.

"ఏంటి బాబాయ్, షర్బతూ? బస్బూసానూ? మీ లెక్కల్లో అంత పెళ్లికళ వచ్చిందా?"

"నాకేం తెలీదు."

"ఎవరికది?"

"నేను ఒట్టేశాను. చెప్పను."

"ఎవరు వేయించారు ఒట్టు?"

"అదీ చెప్పను. పెద్ద అకౌంటెంటు గారి పేరు నా నోట రాదు!"

షలబీకి అంతకంటే ఏం కావాలి? ప్రధాన అకౌంటెంటే టీ మనిషి చేత ఒట్టు వేయించుకుని షర్బత్ తెప్పించాడంటే లాభం మామూలుది కాదు. పదిన్నరకల్లా నఖ్లా షేరు ఐదు శాతం ఎక్కింది. అసలు లాభం ఎంతంటే, పోయిన ఏడాది మీద రెండు శాతం ఎక్కువ. దాంతో పంచదార కూడా సరిగా రాదు.

వగీహ్ పదకొండింటికి ఐదో కిటికీ వరసలో చేరాడు. చంకలో లెక్కల కట్ట, చేతిలో బస్బూసా పెట్టె, కోటు జేబులో షర్బత్ సీసా. ముందు నిలబడ్డ బ్యాంకుల వాళ్లు వడ్డీ రేట్లు పెరిగిన పుణ్యమా అని వచ్చిన లాభాలతో ఉబ్బితబ్బిబ్బవుతున్నారు. ఇళ్ల అప్పుల వాళ్లు అదే వడ్డీని తిట్టుకుంటున్నారు. ఇవేవీ వగీహ్ చెవికెక్కలేదు. రెండడుగుల ముందు ఇన్‌షిరాహ్ ఉంది. బూడిదరంగు కోటు, తెల్ల స్కార్ఫ్, చేతిలో పన్నెండేళ్ల నాటి అదే నల్ల సంచీ. వెనక్కి తిరిగింది.

"వగీహ్ గారా? రండి, రండి. ఇవాళే ఆఖరటగా."

"అవునండీ. ఆఖరే" అన్నాడు.

"ఇక ఈ జిగురు బాధ ఉండదు."

"ఉండదండీ."

జిగురు బాధ లేని జీవితం తలుచుకుంటే వగీహ్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆ పెట్టె ఏంటండీ? మీ ఫలితాలు అంత బాగున్నాయా?" అందామె.

అద్దం ముందు నూరుసార్లు చదివిన మాటంతా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముప్ఫై ఏళ్ల ఉద్యోగం అడ్డుపడింది. "ఫలితాలు సమర్పించేదాకా మేమేమీ చెప్పకూడదండీ" అన్నాడు వగీహ్. అనగానే నాలుక కరుచుకున్నాడు. ఆమె మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తట్టుకోలేక పెట్టె ఆమె చేతుల్లో పెట్టేశాడు. "ఇది మీకే. ఫలితాలకీ దీనికీ సంబంధం లేదు" అన్నాడు. మిగతా మాటకి ధైర్యం కూడగట్టుకునేసరికి పావుగంట పైనే పట్టింది. "ఇన్‌షిరాహ్ గారూ, మీతో ఒక్క మాట..."

అప్పుడే ఆయన ఫోనూ ఆమె ఫోనూ ఒకేసారి మోగాయి.

జరిగిందేమిటంటే, షలబీ మనిషొకడు వగీహ్‌ని వెంబడించి మూడో అంతస్తు దాకా వచ్చాడు. నఖ్లా అకౌంటెంటు శుభకార్యపు మిఠాయి తీసుకెళ్లి, ప్రపంచంలో ఇంకెవరికీ కాకుండా, ఫానూస్ అకౌంటెంటుకి ఇవ్వడం కళ్లారా చూశాడు. ఫోన్‌లో ఆ మాట చెప్పగానే షలబీ కాఫీ కొట్టులో బల్ల ఎక్కాడు. "ఓరి నాయనో, ఇది లాభం కాదురా, రెండు కంపెనీల విలీనం! ఇల్లు వీళ్లిస్తారు, ఆ ఇంట్లోకి ఫ్రిజ్ వాళ్లిస్తారు. ఖాతాదారు ఒక్కడే! ఇన్నాళ్లూ మనకు తట్టలేదేమిట్రా!" పావుగంటలో రెండు షేర్లూ పొద్దుటి ధర మీద పది శాతం పైకి చేరాయి. ఎక్స్ఛేంజివాళ్లు రెండింటి కొనుగోళ్లూ అమ్మకాలూ ఆపేసి, గంటన్నరలో సంజాయిషీ ఇమ్మన్నారు.

ఈలోగా మేడమ్ దౌలత్ కిటికీలోంచి తల బయటపెట్టింది. "నఖ్లా, ఫానూస్! మీ ఇద్దరి కాగితాలూ నేను తీసుకోను. మీ షేర్లు ఆపేశారంట. సంజాయిషీ రాసి, సంతకం పెట్టిన అసలు ప్రతి లెక్కలతో కలిపి తీసుకురండి. రెండింటికి కిటికీ మూసేస్తా. మళ్లీ తెరవను" అంది. ఇన్‌షిరాహ్ పెట్టె పట్టుకుని అప్పటికే మెట్లు దిగుతోంది. పన్నెండేళ్ల మాట అలాగే గొంతులో ఉండిపోయింది.

నఖ్లా ఆఫీసు తిరునాళ్లలా ఉంది. కింద కౌంటర్లో కొత్తగా పెళ్లయిన జంట ఒకటి, ఇంటి అప్పుతో పాటు బట్టలుతికే మిషన్ ఉచితమటగా అని పేచీ పెడుతున్నారు. ఒక ముసలావిడ, ఫ్రిజ్ వాయిదా తప్పితే ఇల్లు పట్టుకుపోతారా అని గుండెలు బాదుకుంటోంది. పై అంతస్తులో హాతిమ్ బే, ఫానూస్ ఎం.డీ.తో ఫోన్‌లో కొట్లాడుతున్నాడు. ఇద్దరూ కాలేజీ నాటి నుంచీ ఎడమొహం పెడమొహమే.

"మేం మిమ్మల్ని మింగాలనుకోవడమా? పొయ్యిలమ్ముకునేవాళ్లతో పొత్తు మాకేం ఖర్మ!" అని అరుస్తూ, వగీహ్‌ని చూసి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "రావయ్యా, రా! ముప్ఫై ఏళ్లలో ఒక్క సున్నా తేడా రానివాడివి, ఇవాళ నా నెత్తి మీద షర్బత్ పోశావు కదయ్యా! ఆవిడకి మిఠాయెందుకిచ్చావ్?"

"సొంత పని సార్."

"ఫలితాల వారంలో సొంత పనా? సిగ్గులేదూ? కూర్చో, రాయి!"

సంజాయిషీ కాగితంలో మూడు ప్రశ్నలున్నాయి. విలీనం చర్చలేమైనా ఉన్నాయా? లేవు. ఫలితాల సమాచారం ముందే బయటికి పొక్కిందా? లేదు. ఈ రెండూ హాతిమ్ బే చెప్పాడు, వగీహ్ రాశాడు. మూడోది చూసి చెయ్యి ఆగిపోయింది. 'కలుసుకున్న అధికారులిద్దరి మధ్య బంధుత్వం గానీ, వివాహ సంబంధం గానీ ప్రస్తుతం ఉన్నదా? ఇకముందు ఏర్పడే అవకాశం ఉన్నదా?'

"లేదు, లేదు, ఎప్పటికీ ఉండబోదు! అలాగే రాయి" అన్నాడు హాతిమ్ బే, మళ్లీ ఫోన్ అందుకుంటూ.

'ప్రస్తుతం లేదు' అని రాశాడు వగీహ్. అంతవరకూ నిజం. 'ఎప్పటికీ ఉండబోదు' అన్నది రాయడానికి చెయ్యి రాలేదు. ఈ కాగితం ఎక్స్ఛేంజి తెర మీద పడుతుంది. ఊరంతా చదువుతుంది. ఆమె చదువుతుంది. రాస్తే పన్నెండేళ్లనూ తన చేత్తోనే పాతిపెట్టినట్టు. రాయకపోతే ఉద్యోగం పోతుంది. షుబ్రాలో బోర్లించిన కప్పు కళ్ల ముందు కదిలింది. ఎంత కోరుకున్నాడు! ఒక్క సాయంత్రం, ఒక్కటంటే ఒక్క సాయంత్రం ఆ కప్పులో ఆమెకి పుదీనా టీ పోసిచ్చి ఎదురుగా కూర్చోవాలని, ఇంకేమీ అక్కర్లేదని. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేకపోయిన మనిషికి, ఇప్పుడు ప్రభుత్వమే కాగితం మీద అచ్చువేసి అడుగుతోంది.

"అయిందా? ఇంకా నాలుగు నిమిషాలే ఉంది!" అని హాతిమ్ బే గావుకేక పెట్టాడు.

"తెలియనిది సంతకం పెట్టి చెప్పలేను సార్" అని గొణిగి, వగీహ్ తలవంచుకుని గబగబా రాసేశాడు. హాతిమ్ బే ఫోన్‌లో, "నీ కంపెనీ ఊరికే ఇచ్చినా నాకొద్దు!" అని అరుస్తూనే, ఒక్క అక్షరం చదవకుండా అడుగున సంతకం గిలికి ఫ్యాక్స్‌లో పెట్టించాడు.

కాగితం వగీహ్ చెయ్యి దాటిపోయింది. వెనక్కి తీసుకునే దారి లేదు. అసలు ప్రతి, లెక్కల కట్ట చంకన పెట్టుకుని ఐదో కిటికీకి బయల్దేరాడు. వీధిలోకి వచ్చేసరికి కాఫీ కొట్టు ముందు జనం ఇసకేస్తే రాలకుండా ఉన్నారు. తెర మీద సంజాయిషీలు వచ్చేశాయి. షలబీ బల్ల మీద నిలబడి, తీర్పు చదివే జడ్జీలా పైకి చదువుతున్నాడు. వగీహ్ ఒక స్తంభం చాటున నిలబడిపోయాడు.

"ముందు ఫానూస్‌ది. పన్నెండు నలభై ఒకటికి వచ్చింది. విలీనం లేదు. సమాచారం పొక్కలేదు. మూడోది..." షలబీ ఆగి, కళ్లు నులుముకుని మళ్లీ చదివాడు. "'ప్రస్తుతం ఏ సంబంధమూ లేదు. ఇకముందు సంగతి అడిగారు కనక మనవి చేస్తున్నాను. నలభై ఎనిమిది త్రైమాసికాలుగా ఎదురుచూసినా అవతలి పక్షం నుంచి ఎలాంటి ప్రతిపాదనా అందలేదు. అందితే కాదనే ఉద్దేశం ఈ పక్షానికి లేదు.'"

కాఫీ కొట్టులో హుక్కాల గురగుర ఆగిపోయింది.

"రెండోది, నఖ్లాది. పన్నెండు నలభై ఐదు." షలబీ గొంతు మారింది. "'ప్రస్తుతం లేదు. ఈ పక్షం నలభై ఎనిమిది త్రైమాసికాలుగా ఆశిస్తూనే ఉంది. ధైర్యం చాలక అవతలి పక్షానికి ఇప్పటివరకూ తెలియజేయలేదు. ఆలస్యానికి ఈ పక్షానిదే పూర్తి బాధ్యత.'"

ఒక ముసలి బ్రోకరు, "ఓరి వీళ్ల అమాయకత్వం కాకులెత్తుకెళ్లా! ఆవిడ నాలుగు నిమిషాల ముందే ఒప్పేసుకుందిరా!" అన్నాడు. అందరూ ఒక్కసారి గోల చేశారు. షలబీ మాత్రం తల పట్టుకుని బల్ల మీదే కూలబడ్డాడు. పొద్దున రెండు కంపెనీల షేర్లూ భార్య గాజులమ్మి మరీ కొన్నాడు.

వగీహ్ ఏం విన్నాడో, ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. మెట్లు రెండేసి ఎక్కి మూడో అంతస్తు చేరేసరికి టై భుజం మీదికి పోయింది. వరస లేదు. పన్నెండేళ్లలో మొదటిసారి ఐదో కిటికీ ముందు ఎవరూ లేరు, ఒక్క ఇన్‌షిరాహ్ తప్ప. ఆమె కూడా ఆయాసపడుతోంది.

"చదివారా?" అందామె, తల ఎత్తకుండానే.

"చదివి వినిపించారండీ. మీరు?"

"నేను దార్లో విన్నాను. మీరు ఆలస్యానికి బాధ్యత ఒప్పుకున్నారు. అది నాకు బాగా నచ్చింది."

"నలభై ఎనిమిదని మీరు కూడా లెక్కపెట్టారా?"

"నేను కూడా అకౌంటెంటునేగా" అంది ఇన్‌షిరాహ్. నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "పన్నెండేళ్లండీ! ఒక్కసారి అడగడానికి నోరు రాలేదా మీకు? ప్రతిసారీ ఇంటికెళ్లి, ఈసారి అడుగుతాడు, వచ్చేసారి అడుగుతాడు అనుకునేదాన్ని. నా సంచీలో జిగురు సీసా మొదటి నెల నుంచీ ఉంది. అయినా ప్రతిసారీ మిమ్మల్నే అడిగాను. అదీ తెలుసుకోలేదా?"

సిగ్గూ, సంతోషమూ, పోయిన ఏళ్ల మీద బెంగా అన్నీ కలిసి వగీహ్‌ని ఒక్కసారే కమ్మేశాయి. చివరికి, "బస్బూసా ఎలా ఉందండీ?" అన్నాడు.

"నేను తింటేగా! మా ఎం.డీ. గారు సాక్ష్యమని బీరువాలో పెట్టి తాళం వేశారు."

"ఆపండిక ఇద్దరూ!" అంటూ మేడమ్ దౌలత్ కిటికీలోంచి చెయ్యి చాచి రెండు కట్టలూ లాక్కుంది. ఒక్క పేజీ తిప్పకుండా టపటపా ముద్రలు కొట్టేసింది.

వగీహ్ కంగారుగా, "మేడమ్, స్టాంపులు చూసుకోండి. ఎప్పుడూ ఒకటి తక్కువుందంటారుగా" అన్నాడు.

"ఏనాడూ తక్కువ లేవు. ఇంకో అరగంట పక్కపక్కన నిలబడితే ఏదైనా మాట్లాడుకుంటారేమోనని తిప్పి పంపేదాన్ని. పన్నెండేళ్లు! నాకు విసుగొచ్చింది గానీ మీకు మాట రాలేదు. నా రిటైర్‌మెంటు కూడా వచ్చేసింది" అని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ జేబులో ఉబ్బెత్తుగా ఉన్నది షర్బతేనా? నా బల్ల మీద మూడు గ్లాసులున్నాయి."

మంచినీళ్ల కూజా ఉంది. షర్బత్ చిక్కగా కలిపి, ముగ్గురూ కిటికీకి అటూ ఇటూ నిలబడి తాగారు. మధ్యలో వగీహ్ ఫోన్ మోగింది.

"ఏం రాశావయ్యా ఆ కాగితంలో?" అన్నాడు హాతిమ్ బే. "అమ్మకాలు తిరిగి తెరిచాక షేరు ఎక్కిన పది శాతమూ దిగిపోయింది!"

"పొద్దున ఎక్కడుందో అక్కడికే వచ్చింది సార్. తేడా ఏమీ లేదు."

"నా సంతకం కూడా ఉందిగా దాని మీద. నిన్ను తీసేస్తే నన్నూ తీసెయ్యాలి" అని గొణిగి, హాతిమ్ బే ఫోన్ పెట్టేశాడు.

ఆ శుక్రవారం షుబ్రాలోని ఫ్లాటులో వగీహ్ రెండో కప్పు కడిగి, తుడిచి, ఈసారి బోర్లించలేదు. అలెగ్జాండ్రియా నుంచి తహానీ అక్క రెండు కిలోల బస్బూసాతో దిగింది. మిస్బాహ్ బాబాయ్ మాత్రం, ఎవరెంత అడిగినా, ఆ షర్బత్ ఎవరికోసమో ఈనాటికీ చెప్పలేదు.

మూడు నెలల తర్వాత నఖ్లా లెక్కలు మొదటిసారి కంప్యూటర్లో వెళ్లాయి. లాభం ఒక శాతం తగ్గింది. బంధుత్వాల పట్టికలో మాత్రం ప్రధాన అకౌంటెంటు పేరు పక్కన 'ఒకరున్నారు' అని ఉంది.